ఒకే కెమెరాలో మూడు ఫ్రేములు: 6×9 ఫోల్డింగ్ కెమెరాను 6×6, 6×4.5 కూడా తీసేలా మార్చుకోవడం

నల్ల అట్ట ముక్కలో చదరపు కంత కోసి గేటులో, అంటే ఫిల్మ్ మీద బొమ్మ ఎంత మేర పడాలో నిర్ణయించే చట్రంలో పెడితే 6×9 (సెంటీమీటర్లలో ఫ్రేము కొలత) కెమెరా 6×6 అయిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. బొమ్మ చదరంగా పడే మాట నిజమే. కానీ ఫిల్మ్ మాత్రం ఎప్పట్లాగే 6×9 లెక్కన జరుగుతుంది కాబట్టి 12 బొమ్మలు రావలసిన చుట్టలో 8 వస్తాయి. వ్యూఫైండర్‌లో అన్నయ్య పక్కన నిలబడ్డ వదిన ఫిల్మ్ మీద ఉండదు.

ఫ్రేము సైజు మారాలంటే గేటు, ఫిల్మ్ జరిగే దూరం, వ్యూఫైండర్ ఈ మూడూ కలిసి మారాలి. పని మొదలుపెట్టాల్సింది జరిగే దూరంతో. చాలామంది గేటుతో మొదలుపెట్టి అక్కడే ఇరుక్కుంటారు.

ఇక్కడి కొలతలు 120 ఫిల్మ్ వాడే, 105 మి.మీ. లెన్స్ ఉన్న మామూలు 6×9 ఫోల్డింగ్ కెమెరాకు సరిపోతాయి. లెన్స్ వేరైతే సూత్రంలో ఆ అంకె మార్చుకోండి.

1. ముందు 48 లెక్క

120 ఫిల్మ్ వెనక కాగితం మీద మూడు వరుసల అంకెలుంటాయి. నడిమి వరుస 6×6ది, 12 దాకా వెళుతుంది. ఒక అంచున 6×9 వరుస 8 దాకా, రెండో అంచున 6×4.5 వరుస 16 దాకా ఉంటాయి.

8, 12, 16 మూడింటితోనూ నిశ్శేషంగా భాగించబడే అతి చిన్న సంఖ్య 48. కాబట్టి బొమ్మలు పడే మొత్తం పొడవును 48 పాళ్లు అనుకోండి. 6×9కి ఒక్కో బొమ్మకు 6 పాళ్లు, 6×6కి 4, 6×4.5కి 3 పాళ్లు జరగాలి. ఒక పాలు సుమారు 15.7 మి.మీ.

- 6×9: జరుగుడు 94.2, ఫ్రేము 84, సందు 10.2 మి.మీ.
- 6×6: జరుగుడు 62.8, ఫ్రేము 56, సందు 6.8 మి.మీ.
- 6×4.5: జరుగుడు 47.1, ఫ్రేము 42, సందు 5.1 మి.మీ.

6×7 ఈ జాబితాలో ఎందుకు లేదో ఇప్పుడు తెలుస్తుంది. చుట్టకు 10 బొమ్మలంటే ఒక్కోదానికి 4.8 పాళ్లు. అది పూర్ణసంఖ్య కాదు, కాగితం మీద దానికి వరుసా లేదు. ఎర్ర కిటికీతో, అంటే వెనక మూతలో ఈ అంకెలు కనిపించే కంతతో 6×7 తీయాలనే ఆలోచన మానుకోండి. దానికి సొంత కౌంటర్ ఉండాల్సిందే.

ఈ అంకెలను గుడ్డిగా నమ్మకండి. వాడేసిన వెనక కాగితం ఒకటి సంపాదించి బల్ల మీద పరిచి, 1 నుంచి 12 దాకా స్టీలు స్కేలుతో కొలిచి 11తో భాగించండి. పక్కపక్క అంకెల మధ్య కొలిస్తే అర మి.మీ. పొరపాటు తేలిగ్గా దొర్లుతుంది.

2. సామాన్లు

- 0.5 మి.మీ. ఇత్తడి రేకు, అరచేయంత. చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు లోహాల దుకాణాల్లో "పిత్తళ తగడు" అనడిగితే ఇస్తారు.
- డిజిటల్ వెర్నియర్. లోతు కొలిచే పుల్ల ఉన్నదే తీసుకోండి.
- సన్న ఆకురాయి, 400, 600, 1000 నంబరు ఎమరీ పేపర్లు
- మ్యాట్ బ్లాక్ స్ప్రే
- 2 మి.మీ. మందం ఎర్ర ఆక్రిలిక్ ముక్క, పలచని నల్ల వెల్వెట్ గుడ్డ
- పాడైన 120 చుట్ట ఒకటి, ఫిల్మూ కాగితమూ కలిపి. దీన్ని బలి ఇవ్వక తప్పదు.

మాస్కుకు, అంటే ఫ్రేము సైజు తగ్గించడానికి గేటులో పెట్టే కంత రేకుకు అట్ట వాడొద్దు. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు మొదలయ్యాక చెన్నై గాలిలో తేమకు అట్ట ఉబ్బి అంచు వంగుతుంది, నూగు లేచి ఫ్రేము అంచున వెంట్రుకల్లా పడుతుంది. త్రీడీ ప్రింట్ ప్లాస్టిక్ నమూనా చూసుకోవడానికి చాలు. ఎండలో నిలిపిన బండి డిక్కీలో కెమెరా ఉండిపోతే అది మెత్తబడి వంగుతుంది.

3. కెమెరాను కొలవడం

వెనక మూత తెరవండి. గేటుకు పైనా కిందా ఫిల్మ్ ఆనే రెండు పట్టాలు కనిపిస్తాయి. వాటి పైతలమే ఫోకస్ తలం. దానికంటే పైకి మాస్కు ఏ మూలా రాకూడదు.

పట్టాల పైతలం నుంచి, మాస్కు కూర్చునే మెట్టు దాకా లోతు కొలవండి. నాలుగు మూలల్లోనూ కొలిచి రాసుకోండి. సాధారణంగా 1 నుంచి 3 మి.మీ. మధ్య వస్తుంది. మూలమూలకూ 0.2 కంటే తేడా ఉంటే మెట్టు మీద పాత రంగు పెచ్చులో, మురికో ఉన్నట్టు. ముందు దాన్ని గీకి శుభ్రం చేయండి.

మెట్టే లేని కెమెరాలున్నాయి. వాటిలో మాస్కుకు నాలుగు చెవులు వదిలి, గేటు లోపలి గోడకు ఒరుసుకునేలా వంచాలి.

4. మాస్కు కొలత: 56 కావాలంటే 56 కోయకూడదు

లెన్స్ నుంచి వచ్చే వెలుగు ఫిల్మ్ వైపు విచ్చుకుంటూ వస్తుంది. మాస్కు ఫిల్మ్‌కు కాస్త ముందే ఉంటుంది కాబట్టి ఫిల్మ్ మీద పడే ఫ్రేము మాస్కు కంత కంటే పెద్దది. సూత్రం ఇది:

కంత = కావలసిన ఫ్రేము × (లెన్స్ దూరం − మాస్కు లోతు) ÷ లెన్స్ దూరం

లోతు 2 మి.మీ., లెన్స్ 105 అనుకుందాం. 6×6కి 56 × 103 ÷ 105, అంటే 54.9 మి.మీ. 6×4.5కి 42 × 103 ÷ 105, అంటే 41.2 మి.మీ. సవరించకుండా 56 కోస్తే ఫ్రేము 57.1 వస్తుంది. 6×6లో సందు దాదాపు 7 మి.మీ. ఉంది కాబట్టి కొంప మునగదు గానీ, కాంటాక్ట్ షీట్ పెట్టుకునేటప్పుడూ ఎన్‌లార్జర్ నెగెటివ్ క్యారియర్‌లోనూ ఆ మిల్లీమీటర్ విసిగిస్తుంది.

అంచు ఎంత మసకగా ఉంటుందో కూడా ఇక్కడే తేలుతుంది. లోతును ఎఫ్ నంబరుతో (లెన్స్ ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె) భాగించండి. 2 మి.మీ. లోతులో ఎఫ్ 4.5 దగ్గర మసక 0.44 మి.మీ., ఎఫ్ 11 దగ్గర 0.18. అదే మాస్కు 5 మి.మీ. లోతున ఉంటే ఎఫ్ 4.5 దగ్గర 1.1 మి.మీ. దాటుతుంది. అంచు గీత గీసినట్టు రావాలంటే మాస్కును ఫిల్మ్‌కు దగ్గరగా తేవాలి, తగలకుండా. మాస్కు పైముఖానికీ పట్టాల తలానికీ మధ్య 0.3 మి.మీ. వదిలితే చాలు.

ఎత్తు 56ను ముట్టుకోవద్దు. మూడు సైజులకూ అది ఒకటే. మారేది ఫిల్మ్ జరిగే దిశలో ఉన్న కొలత ఒక్కటే. అందువల్ల 6×4.5 మాస్కు పెట్టి కెమెరాను అడ్డంగా పట్టుకుంటే నిలువు బొమ్మ వస్తుంది. అడ్డం బొమ్మ కావాలంటే కెమెరాను నిలబెట్టాలి.

5. కోత, వాలు, నలుపు

1. కొలతలతో కంప్యూటర్‌లో డీఎక్స్ఎఫ్ డ్రాయింగ్ ఫైలు గీసి చెన్నైలోని అంబత్తూరు, గిండీ పారిశ్రామిక ఎస్టేట్లలోని లేజర్ కటింగ్ షాపులో ఇవ్వండి. ఇత్తడి వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి ఫైబర్ లేజర్ ఉందో లేదో ముందే అడగండి. లేదంటే స్టెయిన్‌లెస్ రేకుతో చేయించండి. కంత 0.2 మి.మీ. తక్కువగా కోయించి, మిగతాది ఆకురాయితో తీయడం క్షేమం.

2. కంత నిలువు అంచులను 45 డిగ్రీల వాలుగా అరగదీయండి. పదును అంచు లెన్స్ వైపు ఉండాలి, కంత ఫిల్మ్ వైపు వెడల్పవ్వాలి. వాలు తిరగబడితే, బయటికి విచ్చుకునే కిరణాలు ఆ అర మి.మీ. గోడకు తగిలి ఫ్రేము అంచున తెల్లని చార పడుతుంది. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. 4లో చెప్పిన లోతును కూడా ఈ పదును అంచు దగ్గరే కొలవాలి.

3. 600, ఆపై 1000 పేపరుతో తుది మెరుగు పెట్టి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

4. మ్యాట్ బ్లాక్ రెండు పలచని పూతలు చాలు. మందంగా కొడితే పదును అంచు మొద్దుబారుతుంది. రాత్రంతా ఆరాక గోటితో గీకి చూడండి. రంగు లేస్తే కింద నూనె మిగిలింది. మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

5. ఒక మూలలో 66 అనో 645 అనో గీయండి. విడి మాస్కులు ఒకదానికొకటి మారిపోవడం చాలా మామూలు.

విడి మాస్కు బదులు, గేటు అంచులకు బందు వేసి మడిచే రెక్కలు కూడా పెట్టొచ్చు. పారేసుకునే భయం ఉండదు. కానీ బందు పుల్ల 1 మి.మీ. ఉండాలి, రెక్క మూసినప్పుడు స్ప్రింగు పట్టి ఉంచాలి. వదులైన రెక్క ఎప్పుడో ఒకనాడు ఫిల్మ్‌ను గీస్తుంది. మొదటిసారి చేసేవారికి విడి మాస్కే మేలు.

6. ఎర్ర కిటికీలు

కిటికీ 1 మి.మీ. అటూ ఇటూ అయితే బొమ్మలన్నీ కలిసి 1 మి.మీ. అటూ ఇటూ అవుతాయి, మధ్య సందులు మారవు. కాబట్టి చూడాల్సినవి రెండే: మొదటి బొమ్మ ఫిల్మ్ మొదలుకు ముందు పడకూడదు, చివరిది ఫిల్మ్ అయిపోయాక పడకూడదు. ఈ సంగతి పట్టుబడితే కిటికీ చోటు తేల్చడం పెద్ద పని కాదు.

1. బలి చుట్టను కెమెరాలో వేసి, వెనక మూత తీసే ఉంచండి. చుట్టలు వదులవకుండా వేలితో పట్టుకోండి.

2. కాగితం కింద టేపు అంటించిన ఫిల్మ్ మొదలు వేలికి గట్టు తగులుతుంది. ఆ గట్టు 6×6 మాస్కు అంచు దాటి, చుట్టుకునే స్పూల్ వైపు కనీసం 10 మి.మీ. పోయేదాకా తిప్పండి.

3. ఇప్పుడు నడిమి వరుసలోని 1 అంకె ఎక్కడుందో గేటు అంచు నుంచి కొలిచి రాసుకోండి. ఆ చోటు గేటు పరిధిలోకి రాకపోతే మరికొంచెం తిప్పి, వచ్చిన చోట రాసుకోండి.

4. అదే చోటుకు 12 వచ్చేదాకా తిప్పండి. ఫిల్మ్ తోక ఇంకా గేటు బయటే, నిండు స్పూల్ (మొదట ఫిల్మ్ ఉన్న స్పూల్) వైపే ఉందా? ఉంటే అదే కిటికీ చోటు. తోక గేటులోకి వచ్చేసి ఉంటే, కిటికీ చోటును నిండు స్పూల్ వైపు 5 మి.మీ. జరిపి మళ్లీ చూడండి. ఫిల్మ్ మొదలుకు గేటుకు అవతల చోటు తగ్గితే చుట్టుకునే స్పూల్ వైపు మళ్లించండి.

వెనక మూతకు 8 మి.మీ. కంత వేయండి. ప్రెషర్ ప్లేటులోనూ (ఫిల్మ్‌ను పట్టాల మీద అదిమి పట్టే పలక) ఎదురుగా కంత కావాలి. డ్రిల్ చేసే ముందు ప్లేటును ఊడదీసి, వెనక చెక్క ముక్క పెట్టి, ముందు 2 మి.మీ., తర్వాత 5, తర్వాత 8 వేయండి. ఒక్కసారే 8 వేస్తే రేకు మెలితిరిగి ప్లేటు వంకరపోతుంది. వంకరపోయిన ప్లేటును చదును చేయడం దాదాపు అసాధ్యం. కంత అంచును వేలితో తడిమితే గరుకు తగలకూడదు.

ఎర్ర ఆక్రిలిక్ ఒక్కటే చాలదు. ఇప్పటి పాంక్రోమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కూడా కనిపిస్తుంది. కిటికీకి జరిపే మూత ఉండాలి. ప్లేటుకూ వెనక మూతకూ మధ్య కంత చుట్టూ వెల్వెట్ వలయం అంటించాలి.

మూడు కిటికీలకు మూడు మూతలు పెట్టకండి. ఒకే పొడవాటి పట్టీ, దానిలో ఒకే ఒక కంత పెట్టి, పట్టీని పైకీ కిందికీ జరిపితే ఒకసారి ఒక్క వరుసే కనిపించేలా చేయండి. 6×6 మాస్కు పెట్టి 6×9 అంకెలు చూస్తూ చుట్టంతా తీసేసే ప్రమాదం దీనితో సగం తగ్గుతుంది. పూర్తిగా పోవాలంటే పట్టీ మీద సైజు పేరు తెల్ల రంగుతో రాయాలి.

జైస్ ఐకాన్ ఐకాంటా 4.5×6 కెమెరాలో ఇంకో ఉపాయం చూడొచ్చు: 6×9 వరుసనే రెండు కిటికీల్లో చూస్తారు. ప్రతి అంకె ముందు ఒక కిటికీలో, తర్వాత రెండోదానిలో ఆగుతుంది. ఈ పద్ధతి కావాలంటే పాత 6×9 కిటికీకి అటు 23.5, ఇటు 23.5 మి.మీ. దూరంలో రెండు కంతలు వేయండి.

7. వ్యూఫైండర్

105 మి.మీ. లెన్స్‌తో అడ్డంగా కనిపించే కోణం 6×9కి దాదాపు 44 డిగ్రీలు, 6×6కి 30, 6×4.5కి 23. వ్యూఫైండర్ ముందు గాజు వెడల్పు 24 మి.మీ. అయితే 6×6కి 16, 6×4.5కి 12 వదిలి మిగతాది మూయాలి. నల్ల రేకు ముక్కలు రెండు, వ్యూఫైండర్ చట్రానికి పక్కనుంచి జారేలా.

ఇంకో 5 శాతం తగ్గించి కోయండి. దగ్గరి ఫోటోల్లో లెన్స్ ముందుకొచ్చి ఫ్రేము కోణం ఇంకాస్త ఇరుకవుతుంది.

8. కిటికీ వద్దు, దానంతటదే ఆగాలంటే

చుట్టుకునే స్పూల్ తిరుగుళ్లు లెక్కపెడితే కుదరదు. చుట్ట లావవుతూ పోతుంది. వ్యాసం 15 మి.మీ. ఉన్నప్పుడు ఒక చుట్టు 47 మి.మీ. లాగితే, 20 అయ్యాక అదే చుట్టు 63 లాగుతుంది. ఫిల్మ్‌నే కొలిచే రోలర్ కావాలి.

- రోలర్ వ్యాసం 19.8 మి.మీ. ఫిల్మ్, కాగితం కలిపి దాదాపు 0.2 మి.మీ. మందం కాబట్టి లెక్కకొచ్చే వ్యాసం 20, చుట్టుకొలత 62.8. అంటే ఒక తిరుగుడుకు సరిగ్గా ఒక 6×6.
- మధ్యలో 57 మి.మీ. మేర 0.3 మి.మీ. తక్కువ వ్యాసం ఉండాలి. ఫిల్మ్‌కు అంచులే తగలాలి, బొమ్మ పడే చోటు కాదు.
- ఫిల్మ్ రోలర్ చుట్టూ కనీసం పావు వంతు తిరిగి వెళ్లాలి. అంతకంటే తక్కువైతే జారుతుంది.
- పళ్లచక్రాలతో 12కి 1 తగ్గించండి. చుట్ట మొత్తానికి లెక్క పళ్లెం ఒక్కసారే తిరుగుతుంది.
- పళ్లెం మీద మూడు వలయాల్లో గాట్లు: 45 డిగ్రీలకొకటి 8, 30 డిగ్రీలకొకటి 12, 22.5 డిగ్రీలకొకటి 16.
- ఆపే కొక్కెం ఏ వలయం మీద ఉండాలో బయటి మీట నిర్ణయిస్తుంది.

పళ్లెం దగ్గర 1 డిగ్రీ లూజు ఫిల్మ్ మీద 2.1 మి.మీ. అవుతుంది. 6×4.5లో సందు 5.1 మాత్రమే కాబట్టి లూజు అర డిగ్రీ మించకూడదు. పళ్లచక్రాల మధ్య ఆట ఎక్కువుంటే పళ్లేనికి సన్నని స్ప్రింగు కట్టి ఎప్పుడూ ఒకవైపే ఒత్తిడి ఉండేలా చేయండి.

9. 35 మి.మీ. కెమెరా అయితే

ఇక్కడ పని తేలిక, ఎందుకంటే కొలబద్ద ఫిల్మ్‌లోనే ఉంది. ఫిల్మ్ అంచున ఉండే కంతల మధ్య 4.75 మి.మీ., ఫుల్ ఫ్రేముకు 8 కంతలు, అంటే 38 మి.మీ. ఎనిమిది పళ్ల స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రేము. హాఫ్ ఫ్రేముకు దాన్ని అర చుట్టులో ఆపితే చాలు, 19 మి.మీ. కోడంబాక్కం స్టూడియోల్లో తిరిగిన 35 మి.మీ. సినిమా కెమెరాలు ఫ్రేముకు లాగింది కూడా ఈ 19 మి.మీ.లే, 4 కంతలు.

1965 నాటి కోనికా ఆటోరిఫ్లెక్స్‌లో మీట తిప్పితే చుట్ట మధ్యలోనే ఫుల్ నుంచి హాఫ్‌కు మారేది. హాఫ్‌లో సందు 1 మి.మీ. మాత్రమే. 120లో చెల్లిన అలసత్వం ఇక్కడ చెల్లదు. 24×24 చదరం ఇబ్బంది పెడుతుంది: 5 కంతలు 23.75, చాలవు. 6 కంతలు 28.5, సందు 4.5 వృథా. ఎత్తు మాత్రమే కోసే 13×36 పనోరమా మాస్కుకు జరుగుడు మార్చే పనే లేదు, కాబట్టే చవక కెమెరాల్లో ఆ మీట అంత విరివిగా కనిపించేది.

10. పరీక్ష

1. ఫిల్మ్ లేకుండా: పట్టాల మీద బటర్ పేపర్ పరిచి, షట్టర్‌ను బీ (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే సెట్టింగు) మీద తెరిచి, ఇంటి కిటికీలోంచి వీధి చూడండి. అంచులు నాలుగూ నిటారుగా ఉన్నాయా, వ్యూఫైండర్‌లో కనిపించేదీ ఇదీ ఒకటేనా చూసుకోండి. మాస్కు సమాంతరంగా లేకపోతే ఇక్కడే బయటపడుతుంది.

2. చవక నలుపు తెలుపు చుట్టతో: తెల్ల గోడను అన్ని ఫ్రేముల్లోనూ తీయండి. ఒక ఫ్రేము ఎఫ్ 4.5, తర్వాతిది ఎఫ్ 11, అలా మార్చుతూ. అంచు మసక, చారలు, వెలుగు చొరబాటు గోడ మీద దాక్కోలేవు.

3. డెవలప్ చేసేది ఇంట్లోనైతే, ఎండాకాలం చెన్నై కుళాయి నీళ్లు 30 డిగ్రీలకు తక్కువ రావు. డెవలపర్ సీసాను ఐసు నీళ్ల బకెట్లో 20కి తెచ్చుకోండి.

4. ఆరాక ప్రతి సందునూ కొలిచి వరుసగా రాయండి. ఒక్క సందు తేడా ఉంటే చేతి పొరపాటు. అన్నీ క్రమంగా పెరుగుతుంటేనో తరుగుతుంటేనో యంత్రంలో లోపం.

11. ఏది ఎందుకు చెడుతుంది

ఫ్రేములు ఒకదానిపై ఒకటి పడ్డాయి: తప్పు వరుస అంకెలు చూశారు, లేదా రోలర్ జారింది. రోలర్ అంచులను 400 పేపరుతో అడ్డంగా గరుకు చేయండి.

సందు పోనుపోను పెరుగుతోంది: లెక్క స్పూల్ నుంచి వస్తోంది, ఫిల్మ్ నుంచి కాదు. 8వ అంశం మళ్లీ చూడండి.

ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట గుండ్రని మరక: ఎర్ర కిటికీ. వెల్వెట్ వలయం ఊడింది లేదా ఎండలో మూత తెరిచి ఫిల్మ్ తిప్పారు. నీడలో తిప్పడం అలవాటు చేసుకోండి.

పొడవునా సన్న గీత: మాస్కు చెవి గానీ రెక్క గానీ పట్టాల తలం దాటి లేచింది. స్టీలు స్కేలును పట్టాల మీద నిలువుగా పెట్టి జరిపితే తగిలే చోటు తెలుస్తుంది.

ఒకవైపు మాత్రమే ఫోకస్ పోయింది: డ్రిల్ చేసినప్పుడు ప్రెషర్ ప్లేటు వంగింది. గాజు పలక మీద పెట్టి మూలలు నొక్కితే ఊగుతుంది. వేరే ప్లేటు వెతుక్కోవడమే దారి.

చుట్ట మధ్యలో మాస్కు మార్చి పాడయింది: విడి మాస్కూ, లోపలి రెక్కా మూత తెరవకుండా మారవు. బయటి మీట ఉన్నా, ఎర్ర కిటికీ కెమెరాలో మధ్యలో సైజు మార్చకండి. రెండు వరుసల అంకెలు ఒకేచోట మొదలవవు, పాత ఫ్రేము అంచు ఎక్కడ ముగిసిందో కిటికీ చెప్పదు.

12. ఫిల్మ్ వేసే ముందు

- మాస్కు మీద గీసిన అంకె, పట్టీ మీద రాసిన సైజు, వ్యూఫైండర్ రేకు మూడూ ఒకటేనా?
- మాస్కు నాలుగు మూలలూ మెట్టు మీద ఆనాయా, వేలితో కదిలిస్తే కదలడం లేదు కదా?
- పట్టాల మీద స్కేలు నున్నగా జారుతోందా?
- కిటికీ మూత మూసి ఉందా?
- వాడని మాస్కు చిన్న కవరులో, సిలికా జెల్ పొట్లంతో కెమెరా సంచిలోనే ఉందా? ఇంట్లో బీరువాలో పెడితే, అవసరమైన రోజు మీరు మహాబలిపురంలో ఉంటారు.